నువ్వే కదా ప్లాన్ చేసింది

"వసూ, ఆ ట్యాగులు తెంపకు. తిరిగొచ్చాక రిటర్న్ చేసేద్దాం."

సోఫాలో పడుకుని ఫోన్ చూసుకుంటున్న శశికాంత్ తల తిప్పకుండానే అన్నాడు. హాల్లో కార్పెట్ మీద కూర్చుని, అట్టపెట్టెల్లోంచి సామాను తీసి మనిషికో కుప్పగా సర్దుతున్న వసుమతి చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది. మనిషికి మూడు వస్తువులు. ఛాతీకి కట్టుకునే చిన్న రేడియో ఒకటి, దాన్ని బీకన్ అంటారు. మడత విప్పితే మనిషిని మించి పొడవయ్యే సన్నటి కడ్డీ ఒకటి. పొట్టి పార ఒకటి. మంచు చరియ విరిగి మీద పడితే, కింద ఉన్న మనిషి బీకన్ సంకేతం పంపుతూనే ఉంటుంది. పైన మిగిలినవాళ్ళు తమ బీకన్‌ని వెతికే మీటకి మార్చి, అది చూపించిన వైపు వెళ్ళి, కడ్డీతో పొడిచి చూసి, మనిషి తగిలాక పారతో తవ్వాలి. ఇదంతా పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. ఆ తర్వాత తవ్వితే దొరికేది చాలాసార్లు మనిషి కాదు.

కడ్డీని చుట్టి ఉంచిన ప్లాస్టిక్ పట్టీకే ట్యాగు వేలాడుతోంది.

"పట్టీ తెంపకపోతే ఇది విచ్చుకోదండీ," అంది.

"విచ్చుకోవాల్సిన అవసరం ఎందుకొస్తుంది? మనం ఏమన్నా పడిపోవడానికి వెళ్తున్నామా? బ్యాగులో ఉంటే చాలు. అక్కడ కొండ ఎక్కించే లిఫ్ట్ దగ్గర ఎవరైనా అడిగితే చూపిస్తాం."

వసుమతికి కోపం రాలేదు. సిగ్గేసింది. ఎందుకంటే ఈ ట్యాగుల తెలివి తనకి తెలియనిదేం కాదు. అమెరికాలో, ఈ రెడ్‌మండ్‌లో వాళ్ళకి తెలిసినవాళ్ళంతా చేసే పనే ఇది. క్యాంపింగ్‌కి టెంట్ కొని, మూడు రోజులు పడుకుని, మట్టి దులిపి తిరిగి ఇచ్చేస్తారు. అత్తమామలు వచ్చినప్పుడు గాలి పరుపు కొని, వాళ్ళు విమానం ఎక్కిన మర్నాడే షాపుకి తీసుకెళ్తారు. కూతురు వేద నాలుగో క్లాసు నాటకానికి వేసుకున్న గౌనుకి ట్యాగు మెడ లోపలికి మడిచి పిన్ను పెట్టింది తనే. స్టేజీ మీద పిల్ల మెడ గోక్కుంటూ నిలబడితే, కింద కూర్చుని కళ్ళతో బెదిరించింది కూడా తనే. ఇప్పుడు అదే తెలివి తిరిగి ఇంటికొచ్చి కార్పెట్ మీద కుప్పలుగా కూర్చుంది.

ఈ ప్రయాణం అక్టోబరులో దివాకర్ వాళ్ళింట్లో దీపావళి పార్టీలో పుట్టింది. దివాకర్, శశికాంత్ ఒకే టీంలో పనిచేస్తారు. నాలుగేళ్ళుగా చలికాలం ప్రతి శనివారం గంట దూరంలో ఉన్న కొండకి వెళ్ళి స్కీయింగ్ నేర్చుకున్నారు. అక్కడ యంత్రాలతో చదును చేసిన దారులుంటాయి, అంచుల్లో రంగు కర్రలు పాతి ఉంటాయి, ఎవరైనా పడితే వచ్చి ఎత్తేవాళ్ళుంటారు. ఆ కర్రల మధ్య ఇద్దరూ బాగానే జారతారు. "కర్రల మధ్య ఎవరైనా చేస్తారు బ్రో. అసలు మజా ఆ కర్రలు దాటి ఆఫ్-పీస్ట్‌లో ఉంది. ఆల్ప్స్‌కి పోదాం. ఎవడూ తొక్కని మంచు!" అన్నాడు దివాకర్. మగవాళ్ళందరూ ఓ అన్నారు. శశికాంత్ ఆ ఊపులోనే, పక్కింటివాళ్ళకి గ్రైండర్ అరువిచ్చినంత తేలిగ్గా, "ప్లానింగ్ అంతా మా వసూ చూసుకుంటుందిలే" అన్నాడు. అప్పుడామె వంటింట్లో గారెలు వేస్తోంది. ఆమెనెవరూ అడగలేదు. గారెలు అయ్యేసరికి ప్రయాణం ఖాయమైపోయింది.

ఫిబ్రవరిలో స్కూలు సెలవుల వారం. రెండు కుటుంబాలు, ఆరుగురు. మగవాళ్ళిద్దరూ, దివాకర్ కూతురు మాయా, పద్నాలుగేళ్ళ వేదా స్కీయింగ్ చేస్తారు. దివాకర్ భార్య మనీషా, వసుమతీ అద్దె ఇంట్లో ఉంటారు. వంటిల్లు ఉన్న ఇల్లే చూడమని ముందే చెప్పారు.

వసుమతి చదువు పదో తరగతి దాకా దర్శి దగ్గర ఓ ఊళ్ళో, తెలుగు మీడియంలో. తర్వాత డిగ్రీ చదివినా ఇంగ్లీషు వాక్యం కింద వేలు పెట్టుకుని చదివే అలవాటు పోలేదు. ఒకసారి చదివితే పదాలు అర్థమవుతాయి. రెండోసారి చదివితే వాక్యం అర్థమవుతుంది. శశికాంత్‌కి అది నవ్వులాట. "మా ఆవిడ టర్మ్స్ అండ్ కండిషన్స్ కూడా చదువుద్దిరోయ్" అని నలుగురిలో చెప్తాడు. నిజమే, చదువుతుంది. వీసా కాగితాలు చదివింది. ఇన్సూరెన్స్ కాగితంలో పదకొండో పేజీ దాకా వెళ్ళి, గైడ్ లేకుండా గుర్తుకర్రలు దాటితే రక్షించే హెలికాప్టర్ ఖర్చు ఇవ్వరని కనిపెట్టింది. ఎలిమెంటరీ స్కూల్లో మధ్యాహ్నం పిల్లలు భోంచేసి ఆడుకునేటప్పుడు కాపలా ఉండే ఉద్యోగం ఆమెది. ఆ రెండు గంటల ముందూ వెనకా కారులో కూర్చుని మంచు గురించి చదివింది. ఏ వాలు మీద చరియ విరుగుతుందో, గాలి ఏ పక్క మంచుని పోగేసి లోపల గుల్లగా వదిలేస్తుందో చదివింది. అక్కడ రోజూ సాయంత్రం ఆ కొండల ప్రమాదం ఎంతో ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేసి చెప్తారు. ఎక్కువమంది చనిపోయేది ఐదు ఉన్న రోజు కాదు, మూడు ఉన్న రోజు. ఐదు అంటే ఎవరూ గడప దాటరు. ఐదుకి మూడు అంటే పాస్ మార్కులే కదా అని బయల్దేరతారు. ఆ వాక్యం రెండుసార్లు కాదు, చాలాసార్లు చదివింది.

అందుకే గైడ్‌ని వెతికింది. ఎలీజ్ అని, ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన మనిషి. ఆమె పంపిన ఫారంలో ఒక్కొక్కరి అనుభవం నిజాయితీగా రాయమని ఉంది. వసుమతి నిజమే రాసింది. పెద్దలిద్దరూ నాలుగు సీజన్లు, చదును చేసిన దారుల్లో మాత్రమే. పిల్లలు మూడు సీజన్లు. ఎలీజ్ జవాబిచ్చింది. మొదటి రెండు రోజులూ కర్రల లోపలే అందరినీ చూస్తాను, తర్వాత ఎక్కడికి వెళ్ళాలో, అసలు వెళ్ళాలో లేదో ప్రతి పొద్దునా నేను చెప్తాను, నేను వద్దంటే వద్దు, అని. ఆ చివరి ముక్క చదివినప్పుడు వసుమతికి కడుపులో ఏదో చల్లగా సర్దుకుంది. తను వద్దంటే ఎవరూ ఆగరు. డబ్బిచ్చి పెట్టుకున్న మనిషి వద్దంటే ఆగుతారేమో.

"ప్రాక్టీస్ కోసం రెండు బీకన్లు మాత్రం ఓపెన్ చెయ్యి. బాక్సులు పారెయ్యకు," అన్నాడు శశికాంత్ సోఫాలోంచి లేస్తూ. "పార్క్‌లో పదకొండింటికి దివాకర్ వాళ్ళు వస్తారు. టీ, ఏదన్నా స్నాక్స్ పట్టుకో."

*

పార్కులో వాన ఆగి గంటైంది. మేపుల్ ఆకులు తడిసి నేలకి అంటుకుపోయి ఉన్నాయి. వేద ఒక బీకన్ కోటు లోపల కట్టుకుని, పొదల అవతలికి వెళ్ళి ఆకుల మధ్య వెల్లకిలా పడుకుంది. రెండో బీకన్ దివాకర్ చేతిలో ఉంది. వసుమతి పని టైము చూడటం.

దివాకర్ ఒక చేతిలో బీకన్, దానికానించి ఫోన్ పట్టుకుని నడుస్తున్నాడు. ఫోన్‌లో ఏదో మ్యాప్ తెరిచి ఉంది. బీకన్ తెర మీద బాణం ఒకసారి అటు, ఒకసారి ఇటు గింజుకుంటోంది.

"అన్నయ్యగారూ, ఫోన్ దూరంగా పెట్టాలి. దాని దగ్గరుంటే బీకన్ తప్పు చూపిస్తుందంట. మాన్యువల్‌లో ఉంది," అంది వసుమతి.

"చూశావా శశీ! మన చెల్లెమ్మ మంచు మీద పీహెచ్‌డీ చేసేసింది," అన్నాడు దివాకర్. ఫోన్ మాత్రం తియ్యలేదు.

"థియరీ వసూది, ప్రాక్టికల్స్ మనవి," అన్నాడు శశికాంత్. మనీషా నవ్వుతూ వీడియో తీస్తోంది. "ఇటు చూడండి, ఇటు! హీరోలూ!" అంటోంది. మాయ చెవుల్లో పాటలు పెట్టుకుని ఊయల మీద కూర్చుంది.

ఎనిమిది నిమిషాలు. పన్నెండు. పదిహేను దాటాయి.  మగవాళ్ళు బాత్‌రూముల వెనక్కి వెళ్ళారు, మళ్ళీ వచ్చారు, ఎవరి ఆఫీసు గొడవో మాట్లాడుకుంటున్నారు. ఇరవై మూడో నిమిషంలో పొదల వెనకనుంచి వేదే లేచి వచ్చింది. వీపంతా తడి, జుట్టులో ఆకులు.

"డాడీ, ఇట్స్ ఫ్రీజింగ్! నేనే వచ్చేశా."

అందరూ పడీ పడీ నవ్వారు. వసుమతి నవ్వలేదు. "ఇరవై మూడు నిమిషాలు," అంది. "మంచు కింద అయితే అది లేచి రాలేదు."

 శశికాంత్ మొహం బిగుసుకుంది. "శుభమా అని వెళ్తుంటే ఎందుకలా నోటికొచ్చినట్టు అంటావు?"

"అందుకే కదా ఎలీజ్ ఉండాలన్నాను. ఆమె ముందు రెండు రోజులు నేర్పిస్తుంది. అప్పుడు..."

"ఏ ఎలీజ్?" అన్నాడు దివాకర్ గారె కొరుకుతూ. "ఆ గైడమ్మా? కాన్సిల్ చేసేశాం కదా మొన్ననే. నీకు చెప్పలా వీడు? రెండు రోజులు చిన్నపిల్లల్లాగా కర్రల మధ్య తిప్పుద్దంట. దానికంత దూరం పోవాలా? యాప్‌లో రూట్లన్నీ ఉన్నాయి చెల్లెమ్మా, డౌన్‌లోడ్ చేసేసుకున్నా. వందమంది వెళ్ళిన దారి. బ్లూ లైన్ మీద పోవడమే."

వసుమతి భర్త వైపు చూసింది. అతను ఫ్లాస్క్ మూత తిప్పుతున్నాడు. ఎంతసేపు తిప్పాలో అంతసేపు తిప్పాడు.

వాళ్ళు టీ దగ్గర ఉండగా వేద వచ్చి ఆమె భుజం తట్టింది. "అమ్మా, నువ్వు ట్రై చెయ్యి. ఐ'ల్ హైడ్ అగైన్." వద్దనాలనిపించలేదు. ఫోన్ కారులో పెట్టేసి వచ్చి, వంద అంకెలు లెక్కపెట్టి, బీకన్ పట్టుకుని నడిచింది. తెర మీద దూరం నలభై మీటర్ల నుంచి ముప్ఫై ఒకటికి, ఇరవై రెండుకి తగ్గుతూ వచ్చింది. బాణం ఎటు తిరిగితే అటు తిరిగింది. పదిలోపుకి వచ్చాక మోకాళ్ళ మీద కూర్చుని, నేలకి ఆనించి, చదవాల్సిన వాక్యంలాగే నెమ్మదిగా ముందుకీ పక్కకీ జరిపింది. మూడు, ఒకటిన్నర, సున్నా పాయింట్ ఎనిమిది. పడిపోయిన చెట్టు మొద్దు పక్కన, ఆకుల కింద, చేతికి కోటు తగిలింది. కోటు కింద పిల్ల గుండె కొట్టుకోవడం తగిలింది.

"వావ్ అమ్మా! ఎంత టైమ్?"

"నాలుగు నిమిషాలు," అంది చేతి గడియారం చూసుకుని. ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగింది. దూరంగా బల్ల దగ్గర అందరూ మనీషా ఫోన్‌లో వీడియో చూసుకుని నవ్వుకుంటున్నారు. మోకాళ్ళ దగ్గర తడి లోపలికి ఇంకుతుంటే, పిల్ల కోటు మీద చెయ్యి తియ్యలేక అలాగే ఉండిపోయింది. వెతకగలిగిన మనిషి తనొక్కతే. ఆ మనిషే ఆ కొండ మీద ఉండదు. ఒకే ఒక్కసారి స్కీలు తొడిగితే మొదటి వాలు మీదే పడింది. శశికాంత్ పగలబడి నవ్వి, "నీకు రాదులే, లాడ్జ్‌లో కూర్చుని కాఫీ తాగు" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ తీసుకెళ్ళలేదు. తనూ అడగలేదు.

*

ఇంటికొచ్చి మెయిల్ తెరిచింది. ఎలీజ్‌కి ఉత్తరం తన అకౌంట్ నుంచే వెళ్ళింది. 'మేమందరం ఎక్స్‌పర్ట్ స్కీయర్లం. నేను ఫారంలో పొరపాటుగా రాశాను. మీ సేవలు అవసరం లేదు.' కింద తన పేరు. ఎలీజ్ జవాబు కూడా తన పేరుకే వచ్చింది. 'ప్రియమైన వసుమతీ, మీ నిర్ణయాన్ని గౌరవిస్తాను. ఒక్కటే అడుగుతున్నాను. గైడ్ లేకుండా పిల్లల్ని గుర్తుల అవతలికి తీసుకెళ్ళకండి.'

ల్యాప్‌టాప్ పట్టుకుని బెడ్‌రూములోకి వెళ్ళింది. "నా పేరుతో మీరు రాశారా?"

"పాస్‌వర్డ్ ఇద్దరికీ తెలుసు కదా. నీ పేరూ నా పేరూ ఏంటి కొత్తగా? అసలు ఆ ఫారంలో అట్లా రాయమని ఎవరు చెప్పారు నీకు? దివాకర్ ముందు నా పరువు తీశావు."

"నిజమే రాశాను."

"నువ్వు స్కీయింగ్ చేస్తావా? చెయ్యవు. మరి నీకెలా తెలుసు నాకెంత వచ్చో?"

"అయితే మీరిద్దరూ వెళ్ళండి. వేదని కర్రలు దాటించకండి. నాకదొక్కటి చాలు."

"మాయ వెళ్తుంటే ఇది కిందే నిలబడి చూడాలా? నీలాగే పిరికిదాన్ని చేస్తావా దాన్ని?" గొంతు తగ్గించాడు. ఆ తగ్గించడమే ఆమెకి ఎక్కువ భయం. "వసూ, బుర్ర పాడుచేసుకోకు. నువ్వు ఇంత ప్లాన్ చేశాక ఇంకేమవుతుంది చెప్పు?"

మర్నాడు అత్తగారితో వీడియో కాల్‌లో నోరు జారి చెప్పింది. లక్ష్మీకాంతం గారు ఒంగోల్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నారు. "మగాళ్ళు ఏడాదంతా గొడ్డుచాకిరీ చేసి ఓ వారం సరదాపడితే నీకు అన్నీ అనుమానాలేనమ్మాయ్. మీ మావయ్య బుల్లెట్ బండేసుకుని రాత్రనకా పగలనకా తిరిగారు, నేనేమన్నా అన్నానా? బయల్దేరేటప్పుడు ఓ కొబ్బరికాయ కొట్టండి, పోతుంది." శశికాంత్ పక్కనుంచి, "చెప్పమ్మా, బాగా చెప్పు" అన్నాడు.

మనీషాకి ఫోన్ చేసింది. మాయ తల్లి కదా, ఆమెకైనా కాళ్ళకింద నేల కదలాలి కదా అనుకుంది. మనీషా తలుపు వేసుకున్న చప్పుడు వినపడింది. తర్వాత, "వసూ, పోయినేడు ఈయన బోట్ కొంటానంటే నేను ఒక్క మాట వద్దన్నాను. తొమ్మిది రోజులు మాట్లాడలేదు మనిషి. పిల్ల ముందే. నాకంత ఓపిక లేదమ్మా మళ్ళీ," అంది. వెంటనే గొంతు మార్చి, "అక్కడ మనం పులిహోర పొడి పట్టుకుంటే సరిపోతుందా, చింతపండు గుజ్జే చేసుకుపోదామా?" అని అడిగింది.

వసుమతికి ఆ వారం నాన్న బాగా గుర్తొచ్చాడు. నాన్న భీమశంకరం కరెంటు ఆఫీసులో లైన్‌మన్. స్తంభం ఎక్కబోయే ముందు సబ్‌స్టేషన్‌కి స్వయంగా ఫోన్ చేసి, లైన్ ఆపామని వాళ్ళ నోటితో తన చెవులతో వినేవాడు. విన్నాక కూడా తీగని పరీక్షించి చూసేవాడు. జనం కింద నిలబడి, ఏందయ్యా ఆలస్యం, మోటార్లు ఆగిపోయినాయి అని అరిచేవాళ్ళు. "అరవనీ" అనేవాడు. పిరికివాడని అతనికి పేరుండేది. ఊళ్ళో ధైర్యస్తుడని పేరున్న ఇంకో లైన్‌మన్, ఎవరో ఆపేశారన్నారని ఎక్కి, తీగ మీదే వేలాడిపోయాడు. ఆ రోజు నాన్న ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఒక్క మాట అన్నాడు. "ఆపే చెయ్యి ఒకటుండాలమ్మా. అది లేనిచోట ఎక్కకూడదు."

ఈ ఇంట్లో ఆపే చెయ్యి ఏది? బడి మైదానంలో తను ఒక ఈల వేస్తే నూటయాభైమంది పిల్లలు ఉన్నచోటే నిలబడిపోతారు. ఇంట్లో తన మాట ఫ్యాన్ చప్పుడు లాంటిది. తిరుగుతున్నంతసేపూ ఎవరికీ వినపడదు, ఆగిపోతే మాత్రం ఏమైందని చూస్తారు.

అలా ఒకచోట తన పని ఆగిపోయింది కూడా. మంగళవారం విమానం కంపెనీ వాళ్ళకి పాస్‌పోర్టు వివరాలు పంపుతూ వేద నీలం పాస్‌పోర్టు తెరిచింది. మార్చిలో అయిపోతోంది. ప్రయాణం తర్వాత ఇంకో మూడు నెలలు మిగలకపోతే యూరప్ వాళ్ళు రానివ్వరు. అమెరికా పాస్‌పోర్టంటే పదేళ్ళనుకుంది. పిల్లలకి ఐదేళ్ళే. తనకీ శశికాంత్‌కీ వీసాలు కావాలి కాబట్టి తమ ఇద్దరి కాగితాలే మళ్ళీ మళ్ళీ చూసుకుంది. అమెరికాలో పుట్టిన పిల్లకి ఏ ఇబ్బందీ ఉండదన్న ధీమాతో దానిది తెరవనే లేదు.

"రెండు నెలల నుంచి ఏం చేస్తున్నావు నువ్వు?" శశికాంత్ అరిచాడు. "ఇదొక్కటే కదా నీ పని! అవలాంచీలు, గాలులు, వాలులు అన్నీ చదివావు. డేట్ చదవడం రాలేదా?"

వసుమతి తల వంచుకుంది. తప్పు తనదే. ఆ తప్పుని ఆ నిమిషమే దిద్దడానికి చేతులు వాటంతట అవే కదిలాయి. పాస్‌పోర్టు దరఖాస్తులు తీసుకునే పోస్టాఫీసులో గురువారం పదకొండున్నరకి అపాయింట్‌మెంట్ దొరికింది. పదహారేళ్ళ లోపు పిల్ల కాబట్టి తల్లీ తండ్రీ ఇద్దరూ రావాలి. "ఇద్దరూనా? నాకు పన్నెండింటికి మీటింగ్," అని విసుక్కున్నాడు. ఫారం నింపింది. ఫోటో తీయించింది. ఫారం చివర సంతకాల గడుల దగ్గర, అధికారి అడిగేవరకూ సంతకం చెయ్యొద్దని పెద్ద అక్షరాల్లో ఉంది.

బుధవారం వేదని డాన్స్ క్లాసు నుంచి తీసుకొస్తూ సిగ్నల్ దగ్గర అడిగింది. "వేదా, నిజం చెప్పు. ఆ కొండ మీదికి వెళ్ళాలంటే నీకు భయం లేదా?"

 వేద కిటికీలోంచి చూస్తూ భుజాలెగరేసింది. "కొంచెం. లాస్ట్ వీక్ డాడీ, దివాకర్ అంకుల్ నన్ను ఫైండ్ చెయ్యలేదు కదా. అది వియర్డ్. బట్ ఇట్స్ ఫైన్ అమ్మా."

"ఎందుకు ఫైన్?"

"ఎందుకంటే నువ్వే కదా ప్లాన్ చేసింది. నువ్వు ఎవ్రీథింగ్ రెండుసార్లు చదువుతావు. సేఫ్ కాకపోతే నువ్వు నన్ను పంపవు కదా."

సిగ్నల్ పచ్చబడింది. వెనక కారు హారన్ కొట్టింది. వసుమతి కాలు బ్రేకు మీదే ఉంది.

అంటే ఇదన్నమాట తను చేసింది. ఇన్నాళ్ళూ తనని ఎవరూ వినడం లేదని ఏడ్చింది. వినకపోవడం ఏమిటి, వాళ్ళంతా తన మీదే నిలబడి ఉన్నారు. తను వరసలు గీసి, రంగులు వేసి తయారుచేసిన ప్రయాణం పట్టిక చూసి దివాకర్ ధైర్యం తెచ్చుకున్నాడు. తను కొన్న ఇన్సూరెన్స్ చూసి శశికాంత్ నిద్రపోతున్నాడు. తను కుప్పలు పెట్టిన సామాను, ట్యాగులతో సహా, బ్యాగులో ఉంటే చాలనుకుంటున్నారు. తన శ్రద్ధనంతా తీసుకుని, ఆ శ్రద్ధ పెట్టమన్న గైడ్‌ని మాత్రం తీసి పారేశారు. తను ఇంత బాగా సర్దకపోయి ఉంటే ఎవరికో ఒకరికి భయం వేసేది. ఆ భయాన్ని కూడా తనే ఇస్త్రీ చేసి, మడత పెట్టి, లోపల పెట్టేసింది. ఈ పిల్లకి వేయాల్సిన భయాన్ని కూడా. రేపు ఆ మంచు కింద అది కళ్ళు తెరిచి, అమ్మ ప్లాన్ చేసింది కదా, వచ్చేస్తారు అని ఎదురుచూస్తుంది. పైన ఇద్దరు మగవాళ్ళు ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటారు. తను కింద వంటింట్లో ఆరుగురికి చింతపండు పిసుకుతుంటుంది.

"అమ్మా! గో!" అంది వేద.

*

గురువారం పోస్టాఫీసులో వరస పెద్దగా లేదు. కౌంటర్ వెనక తెల్లజుట్టు ఆవిడ ఒకరు, కళ్ళజోడుకి పూసల గొలుసు వేసుకుని కూర్చున్నారు. వేద ఫోటో చూసి, పిల్ల మొహం చూసి నవ్వారు. పుట్టిన సర్టిఫికెట్ చూశారు. తల్లిదండ్రుల గుర్తింపు కాగితాలు చూశారు. ఇద్దరినీ కుడిచేయి ఎత్తమని, ఇందులో రాసిందంతా నిజమేనా అని అడిగారు. నిజమేనన్నారు ఇద్దరూ. శశికాంత్ తన గడిలో చకచకా సంతకం చేసి పెన్ను ఆమె వైపు జరిపాడు.

"అమ్మ ఇక్కడ," అన్నారావిడ ఇంగ్లీషులో, గడి మీద వేలు పెట్టి. "మీ పాప పాస్‌పోర్టుకి మీ సమ్మతి."

వసుమతి పెన్ను తీసుకుంది. ఆ గడి కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివింది. శశికాంత్ గడియారం చూసుకున్నాడు. "వసూ, చదవక్కర్లేదు. పెట్టేసెయ్. పన్నెండింటికి నేను కాల్‌లో ఉండాలి."

ఈ దేశానికి వచ్చి పదహారేళ్ళు. వచ్చిన వీసా అతనిది. ఇల్లు అతని పేరు మీద. కారు అతని పేరు మీద. పని చేసుకోవచ్చన్న కార్డు కూడా అతని ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడేదే. ఇన్నేళ్ళలో తన సంతకం లేకపోతే ఆగిపోయే కాగితం ఒక్కటీ చూడలేదు. ఇది ఆగుతుంది. ఇవాళ ఆపితే ఇంట్లో ఎన్ని రోజులు మాట్లాడడో తెలియదు. తొమ్మిదితో పోదు. దివాకర్ వాళ్ళకి తెలుస్తుంది, అత్తగారికి తెలుస్తుంది, ఈ ఊళ్ళో ప్రతి పార్టీలో ఆమెని చూపించి చెప్పుకుంటారు. వేద? వేద వైపు చూసింది. పిల్ల ఫోన్‌లో మాయకి ఏదో టైప్ చేస్తూ నవ్వుకుంటోంది.

పెన్ను కౌంటర్ మీద పెట్టింది.

"నేను సమ్మతించడం లేదు," అంది ఇంగ్లీషులో. తడుముకోలేదు. పొద్దున్నుంచీ ఆ వాక్యం నోట్లోనే ఉన్నట్టు వచ్చింది.

శశికాంత్ నవ్వాడు. "సారీ మేడమ్, ఈవిడకి సరిగ్గా అర్థం కాలేదు. భాష సమస్య," అన్నాడు. తర్వాత తెలుగులో, పెదాలు కదలకుండా, "ఏం నాటకాలివి? పెట్టు."

ఆవిడ అతని వైపు చూడలేదు. కళ్ళజోడు తీసి వసుమతినే చూశారు. "అమ్మా, మీరు సంతకం పెట్టకపోతే నేనిది తీసుకోలేను. మీకు అర్థమైందా?"

"అర్థమైంది. తీసుకోకండి."

"అమ్మా?" వేద ఫోన్ దించింది. "వాట్ ఆర్ యూ డూయింగ్? అయితే నేను వెళ్ళనా? మాయ వెళ్తుంది, నేను వెళ్ళనా?" పిల్ల కళ్ళు నిండిపోయాయి. ఒక్కడుగు వెనక్కి వేసి, తండ్రి పక్కకి వెళ్ళి నిలబడింది. వసుమతి ఆ అడుగుని చూసింది. అది తన గుండె మీదే పడింది. అయినా చెయ్యి పెన్ను వైపు వెళ్ళలేదు. వేదని దగ్గరికి రమ్మని పిలవలేదు కూడా. కోపంగా ఉన్న పిల్ల, రెండు కాళ్ళ మీద, వెచ్చగా, ఊపిరి తీస్తూ, నాలుగడుగుల దూరంలో ఉంది. వెతకక్కర్లేకుండా కనపడుతోంది.

కౌంటర్ ఆవిడ కాగితాలన్నీ ఒక్క కట్టగా చేసి వెనక్కి జరిపారు. శశికాంత్ చెవులు ఎర్రబడిపోయాయి. "ఇంటికి పద, చెప్తా," అన్నాడు. మళ్ళీ, ఈసారి నిజంగా ఏం చెయ్యాలో తోచక అడిగాడు. "దివాకర్‌కి ఏం చెప్పాలి నేను? అందరికీ ఏం చెప్పాలి?"

వసుమతి కాగితాలు తీసుకుని సంచిలో పెట్టుకుంది.

"ప్లాన్ మారిందని చెప్పండి," అంది. "ఈసారి నా పేరుతో మార్చింది నేనేనని చెప్పండి."